దివిసీమ ఉప్పెన లెక్కలు, వేళచ్చేరి నీళ్లు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర. అంతకు ముందు రెండు రోజులు మునిగింది మాత్రం చెన్నై. వేళచ్చేరి తెలుగువాళ్లకు ఊళ్ల నుంచి ఒకటే ఫోన్లు: "నీళ్లు తీశాయా? కరెంటు వచ్చిందా?" తుఫాను మీదికొస్తున్నవాళ్లే ఇక్కడివాళ్లను పరామర్శించాల్సి వచ్చింది. తుఫాను నీటిని ముందే అంచనా వేసే కంప్యూటర్ లెక్కలు ఇన్ని ఉండగా ఇలా ఎందుకైందంటే, ఆ లెక్కల పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

అవి వాన కోసం పుట్టినవి కావు, ఉప్పెన కోసం పుట్టాయి. 1970లో భోలా తుఫాను నేటి బంగ్లాదేశ్ తీరంలో లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. 1972లో వాతావరణ శాస్త్రవేత్త పి.కె.దాస్ బంగాళాఖాతం ఉప్పెనలను ముందే అంచనా వేసే నమూనాను 'నేచర్' పత్రికలో ప్రచురించారు. మరో ఐదేళ్లకు దివిసీమ. 1977 నవంబరు 19న సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. పదివేల మంది దాకా పోయారు. ఢిల్లీ ఐఐటీ శాస్త్రవేత్తలు దూబే, సిన్హా, మహంతి, బ్రిటన్‌కు చెందిన బ్రయాన్ జాన్స్‌తో కలిసి 1981లో ఆ ఉప్పెననే కంప్యూటర్‌లో మళ్లీ లేపి చూశారు. అంటే మన తీరపు విషాదమే ఈ శాస్త్రానికి పరీక్ష పేపరు అయింది.

సూత్రం మరీ కష్టమైందేం కాదు. సముద్రాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో లోతు, గాలి, పీడనం వేసి నీరు ఎంత లేస్తుందో లెక్క కట్టడమే. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు లేచేది సెంటీమీటరే. పెద్ద పని గాలిది. తీరం ముందు లోతు తక్కువగా ఎంత దూరం సాగితే గాలి తోసుకొచ్చే నీరు అంత ఎత్తుకు లేస్తుంది. చెన్నై దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. అందుకే 2016లో వర్దా తుఫాను నేరుగా నగరం దగ్గరే తీరం దాటినా, హెచ్చరికల్లో చెప్పిన ఉప్పెన మీటరు దగ్గరే.

తొలి నమూనాల్లో ఒక లోటు ఉండేది. తీరాన్ని నిలువు గోడ అనుకునేవి. గోడ దగ్గర నీరు ఎంత లేస్తుందో చెప్పేవి గాని, ఊళ్లోకి ఎంత దూరం వస్తుందో చెప్పలేకపోయేవి. నీటితోపాటు తీరం గీత కూడా లోపలికి జరిగే పద్ధతిని జాన్స్, దూబే బృందమే 1980లలో బంగాళాఖాతం లెక్కల్లోకి తెచ్చింది. తర్వాత అమెరికాలో లూటిక్, వెస్టరింక్ తయారుచేసిన అడ్‌సర్క్ నమూనా గళ్ల బదులు త్రిభుజాలు వాడింది: నడిసముద్రంలో పెద్దవి, తీరం దగ్గర చిన్నవి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే ఉప్పెన హెచ్చరికలకు ఆధారం అదే.

చెన్నై సమస్య వేరు. ఇక్కడ సముద్రం ఊళ్లోకి రానక్కర్లేదు, ఊరి నీటిని పోనివ్వకపోతే చాలు. అడయారు, కూవం నదుల మొగల్లో అసలే ఇసుక మేట. పోటు సమయానికి గాలి కూడా తోడైతే వాన నీరు ఎదురుతన్నుతుంది. 2015 వరదల తర్వాత వాన, నది, పోటు, ఉప్పెన అన్నిటినీ కలిపి లెక్కించే సీఫ్లోస్ వ్యవస్థను తయారుచేసి 2019లో ప్రారంభించారు. దాన్ని నడిపే జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉన్నది కూడా నగర దక్షిణాన పళ్లికరణైలోనే, అక్కడి చిత్తడి నేల పక్కనే!

మిచౌంగ్ చెన్నై మీదికి రాలేదు, పక్కనుంచి మెల్లగా పోతూ కుండపోతగా కురిసింది. పళ్లికరణై నీరు ఒక్కియం మడువు అనే కాలువ దాటి, బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రం చేరాలి. ఈ దారిలో వంతెన కింద వెడల్పు దగ్గర్నుంచి పూడ్చిన ప్లాటు ఎత్తు దాకా అన్నీ నమూనాకు తెలియాలి. రోడ్డు మీద రోడ్డు వేసి వాకిళ్లను గుంటలు చేసే నగరంలో, నన్నడిగితే, నమూనా ఇచ్చే ముంపు మ్యాపు చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఈ నేల ఎత్తులు ఏ సంవత్సరం కొలిచారన్నదే.