అడుగున ఉన్న ఆస్పత్రి చెడ్డదేనా?

మరణాల శాతాన్ని బట్టి ఆస్పత్రులకిచ్చే ర్యాంకుల జాబితా వచ్చిన రోజు నాకు ఆస్పత్రుల నుంచి ఒకటే ఫోన్లు. "మేం అడుగున ఉన్నాం సార్, నిజంగా అంత అధ్వాన్నంగా పనిచేస్తున్నామా?" ప్రభుత్వ సంస్థల పనితీరు లెక్కగట్టడమే నా ఉద్యోగం కాబట్టి, ఒక్కొక్కరికీ చెప్పేది ఇక్కడే రాసేస్తున్నా.

అపోహ: మరణాల శాతం ఎక్కువుంటే చెడ్డ ఆస్పత్రి.

వాస్తవం: ఎవరెవరు చేరారో చూడకుండా ఆ మాట అనలేం. రెండు ఆస్పత్రులు, చెరో 1000 మంది రోగులు అనుకోండి. మొదటిదాంట్లో 800 సీరియస్ కేసులు, వాళ్లలో 64 మంది పోయారు, అంటే 8 శాతం. మిగతా 200 మామూలు కేసుల్లో ఇద్దరు, 1 శాతం. రెండోదాంట్లో సీరియస్ కేసులు 200, పోయినవాళ్లు 20 మంది, 10 శాతం. మామూలువి 800, పోయినవాళ్లు 16 మంది, 2 శాతం. మొత్తం మీద మొదటిది 6.6 శాతం, రెండోది 3.6. జాబితాలో మొదటిది అడుక్కి పోతుంది. కానీ మీకు జబ్బు సీరియస్ అయినా, మామూలుదైనా, బతికే అవకాశం అక్కడే ఎక్కువ!

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటి ముడి లెక్కతోనే జాబితా తయారుచేశాను. అది చూసిన ఒక సూపరింటెండెంట్ గారు, "అయితే సీరియస్ కేసులన్నీ పైకి రెఫర్ చేసేస్తాం, ర్యాంకు దానంతటదే వస్తుంది" అన్నారు. కోపంగా కూడా కాదు, విసిగిపోయి. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే కూర్చుని వయసు, జబ్బు తీవ్రత వారీగా లెక్క మళ్లీ మొదలుపెట్టాను.

అపోహ: టార్గెట్ పెడితే పని దానంతటదే మెరుగుపడుతుంది.

వాస్తవం: కొంత మెరుగుపడుతుంది, కొంత వేషాలు మొదలవుతాయి. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ విభాగాలకు నాలుగు గంటల గడువు పెడితే, సరిగ్గా గడువు ముగిసే ముందు నిమిషాల్లో రోగుల్ని వార్డుకో ఇంటికో పంపడం గుంపుగా కనిపించింది.

అపోహ: ఈ ఏడాది పైకొచ్చిన చిన్న సంస్థ బాగా పనిచేసినట్టే. కాకపోవచ్చు. 20 కేసులున్న చోట ఒక్క మరణం తేడా అంటే 5 శాతం, వచ్చే ఏడాది అదే కిందికి జారొచ్చు.

ఇదంతా విని "అసలు కొలవడమే దండగ" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

ఫోన్ చేసేవాళ్లకు ఒక్కటే చెప్తా. జాబితాలో "జరిగిన మరణాలు" పక్కన, అలాంటి రోగులకు "ఊహించదగిన మరణాలు" అనే కాలమ్ ఉందా చూడండి. అది ఉండి, మీది దానికంటే బాగా ఎక్కువగా ఉంటే అప్పుడు టెన్షన్ పడాలి. ఆ కాలమే లేకుండా ఎవరైనా సంజాయిషీ అడిగితే, మీ కేసుల తీవ్రత వివరాలు జతచేసి, ముందు ఆ లెక్క కట్టమని రాయండి.