అద్దాలున్నా కారువాడికి మీరు కనపడరు

మా డ్రైవింగ్ స్కూల్‌కు వచ్చేవాళ్లలో చాలామంది అనంతపురంలో ఏళ్ల తరబడి బైక్ నడిపినవాళ్లే. అందరి నోటా ఒకటే మాట: "కారుకు మూడు అద్దాలుంటాయి కదా సార్, మేం కనపడమా?"

కనపడరు. నేను చూసినంతలో ఎక్కువమందిని పడేసేది ఈ అపోహే.

కొత్తవాళ్లను ఆగి ఉన్న కారులో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, ఇంకొకరిని బైక్ మీద కుడిపక్క వెనక నుంచి మెల్లగా రమ్మంటాను. లోపలి అద్దంలో ఉన్న బైక్ పక్క అద్దంలోకి మారుతుంది. వెనక డోర్ దగ్గరికొచ్చేసరికి ఏ అద్దంలోనూ ఉండదు. రాప్తాడు నుంచి వచ్చే ఒకాయన తమ్ముణ్ణే బైక్ ఎక్కించాడు. "వీడు యాడికి పోయినాడు సార్?" అని తల తిప్పితే, తమ్ముడు చెయ్యి చాస్తే డోర్‌కు తగిలేంత దగ్గర్లో ఉన్నాడు. ఆయనకు కాసేపు మాట రాలేదు.

ముందు గాజు పక్కన, పైకప్పును మోసే స్తంభం (పిల్లర్) ఇంకా ప్రమాదం. కుడి పిల్లర్ డ్రైవర్‌కు దగ్గర కాబట్టి చూపును ఎక్కువ అడ్డుకుంటుంది. పల్లె రోడ్డు నుంచి ఎన్‌హెచ్ 44 ఎక్కే కారు, కుడి నుంచి వచ్చే బైక్, రెండూ వేగం మారకుండా ఒకే చోటికి వస్తుంటే, బైక్ గుద్దేదాకా ఆ చాటునే ఉండిపోవచ్చు. "చూశాను, ఎవరూ లేరు" అనే డ్రైవర్ అబద్ధమాడుతున్నాడని అనుకోవద్దు.

అందుకే అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనపడకపోతే, మీరూ అతనికి కనపడరని లెక్క. వెనక డోర్ పక్కనే అంటిపెట్టుకుని పోవద్దు. దాటేయండి, లేదా వెనక్కి తగ్గండి. లారీవాడు ఎత్తులో ఉన్నాడు, అన్నీ కనపడతాయనుకోవద్దు. బంపర్ ముందు, క్యాబిన్ ఎడమ పక్కన అతనికి ఏమీ తెలియదు.

"యూటర్న్ దూరం సార్, నాలుగడుగులు రాంగ్‌రూట్‌లో పోతే ఏమవుతుంది?" అంటారు కొందరు. హైవే ఎక్కే డ్రైవర్ కుడివైపే చూస్తాడు. మీరు ఎడమ నుంచి వస్తారు.

పగలు బైక్ హెడ్‌లైటు వెలిగితే బ్యాటరీ పోతుందట! ఇంజన్ నడుస్తుంటే ఛార్జింగ్ అవుతూనే ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు, స్కూటర్లకు లైటు ఆపే స్విచ్ తీసేయించింది ఎదుటివాళ్లకు కనపడాలనే. మెకానిక్‌తో మళ్లీ స్విచ్ పెట్టించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

హెల్మెట్ గురించి వాదన అనవసరం. ఐఎస్ఐ గుర్తు, సరైన సైజు, స్ట్రాప్ బిగించడం; వెనక కూర్చున్నవాళ్లకూ తప్పనిసరి.

ఒకసారి పడి, మళ్లీ స్కూటీ ముట్టుకోవాలంటేనే టెన్షన్ పడే అమ్మాయిలు వస్తుంటారు. వాళ్ల భయం తప్పు కాదు. వాళ్లను కూడా ముందు కారు సీట్లోనే కూర్చోబెడతాను. ఎక్కడ కనపడమో కళ్లతో చూశాక, ఎక్కడ ఉండాలో తెలిసి కొంత ధైర్యం వస్తుంది.

పడినవాళ్లను ఆస్పత్రికి చేరిస్తే కేసు మనమీదకొస్తుందన్న పుకారు ఇంకా పోలేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసినవాళ్లకు అది రక్షణ. పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పక్కన ఉండండి.