వెదురు బనియన్, బాటిల్ టీషర్ట్: అపోహలు - వాస్తవాలు

నేను బట్టల టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేస్తాను. మొన్న మా అక్క తన మనవరాలికి కొన్న బనియన్ల ప్యాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏరా, వెదురు బట్ట, నూటికి నూరు శాతం సహజం, క్రిములు చేరవు అని రాశారు. కాటన్‌కి రెట్టింపు రేటు పెట్టాను. నిజమేనా?" అంది. పట్టుకుంటే పట్టులా జారుతోంది. పిల్ల ఒంటికి హాయిగా ఉంటుందన్నది నిజమే. ప్యాకెట్ మీద రాసినవే నిజం కాదు.

అపోహ: వెదురు బట్ట అంటే వెదురు నార

వెదురు నుంచి నేరుగా నార తీయొచ్చు. కానీ అది గరుకుగా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే, అందుకే మార్కెట్లో అరుదు. మెత్తగా జారేదంతా దాదాపుగా విస్కోసే, అంటే మన అమ్మల కాలం నుంచీ ఉన్న రేయాన్. వెదురు గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ అనే రసాయనం కలిపి, తేనెలా చిక్కగా చేసి, సన్నటి రంధ్రాల్లోంచి యాసిడ్ తొట్టిలోకి వదులుతారు. అక్కడ గట్టిపడి దారమవుతుంది. ఇన్ని దశలు దాటాక మిగిలేది సెల్యులోజ్, అంటే మొక్కలన్నిటిలో ఉండే పీచు పదార్థం, ఒక్కటే. వెదురులో క్రిములను అడ్డుకునే గుణం ఏమైనా ఉన్నా అది బనియన్ దాకా రాదు. అమెరికాలో వ్యాపార మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని వెదురుతో చేసిన రేయాన్ అనే రాయాలంటుంది. దాన్ని వెదురు బట్టగా అమ్మిన కేసులో 2022లో వాల్‌మార్ట్, కోల్స్ అనే అక్కడి పెద్ద దుకాణ సంస్థలు కలిపి 55 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఈ రేయాన్ గుజ్జు తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. ములుగు జిల్లా కమలాపురం ఫ్యాక్టరీలో తయారయ్యేది, 2014లో ఉత్పత్తి ఆగిపోయింది.

నాకు బాధ కలిగించేది కార్బన్ డైసల్ఫైడ్. సరైన జాగ్రత్తలు లేని చోట ఏళ్ల తరబడి ఆ గాలి పీల్చిన కార్మికుల నరాలు దెబ్బతింటాయి. ఇదే గుజ్జు నుంచి దారం తీసే మరో పద్ధతి లయోసెల్. అందులో ఈ విషం అవసరమే లేదు. వాడే ద్రావకాన్ని 99 శాతానికి పైగా తిరిగి పట్టి మళ్లీ వాడతారు. అందుకే లేబుల్ మీద నేను మొక్క పేరు కాదు, విస్కోసా లయోసెలా అని వెతుకుతాను.

అపోహ: డ్రైఫిట్ టీషర్ట్ చెమట పీల్చుకుంటుంది

పీల్చుకోదు. డ్రైఫిట్ అంటే ఆటలకు, జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీషర్ట్. ల్యాబ్‌లో మామూలు తేమలో ఉంచితే 100 గ్రాముల పత్తి 8 గ్రాముల దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 గ్రాములే. డ్రైఫిట్ చేసే పని వేరు. దీపం వత్తి నూనెను పైకి లాక్కున్నట్టు, దారాల మధ్య సందుల్లోంచి చెమటను బట్ట బయటి వైపుకి లాగి పలచగా పరుస్తుంది. ఆరబెట్టాల్సింది గాలి. అందుకే హైదరాబాద్ పొడి ఎండలో బాగా పని చేసే టీషర్ట్ విశాఖ ఉక్కపోతలో ఒంటికి అతుక్కుంటుంది. అది బట్ట లోపం కాదు.

మంచి డ్రైఫిట్‌ని చాలామంది ఇంట్లోనే పాడు చేసుకుంటున్నారు. వాసన పోవాలని ఫాబ్రిక్ కండిషనర్ పోస్తారు. అది దారం మీద జిడ్డు పొరలా పేరుకుని ఆ సందులను మూసేస్తుంది. పరీక్ష తేలిక: బట్టను పరిచి ఒక్క నీటి చుక్క వేయండి. క్షణాల్లో విస్తరిస్తే బాగున్నట్టు, ముత్యంలా నిలబడితే సందులు మూసుకున్నట్టు. కండిషనర్ మానేసి, వేణ్ణీళ్లలో కొంచెం సబ్బుతో రెండు మూడు సార్లు ఉతికితే చాలావరకు దారికొస్తుంది. వాసన పట్టడానికి అసలు కారణం పాలిస్టర్ ఒంటి జిడ్డును వదలకపోవడం. జిమ్ బ్యాగ్‌లో చెమటతో రెండు రోజులు మూసి ఉంచకండి.

అపోహ: బాటిళ్లతో చేసిన టీషర్ట్ కొంటే ప్లాస్టిక్ సమస్య తీరినట్టే

ప్లాస్టిక్ బాటిళ్లను కరిగించి తీసే దారం కూడా పాలిస్టరే. కొత్త పాలిస్టర్ కన్నా మెరుగే, ముడి చమురు నుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. కానీ బాటిల్ మళ్లీ బాటిల్ కాగలదు. టీషర్ట్ అయ్యాక, మళ్లీ టీషర్ట్ అయ్యే దారి ఇప్పటికీ చాలా ఇరుకు. ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు నీళ్లలో కలుస్తాయి, అది కొత్త పాలిస్టరైనా బాటిల్ పాలిస్టరైనా ఒకటే. మెషీన్ నిండుగా వేసి, చన్నీళ్లలో, తక్కువ సేపు తిప్పితే పోగులు తక్కువ రాలతాయి.

అపోహ: మొక్కజొన్న దారం మట్టిలో కలిసిపోతుంది

మొక్కజొన్న పిండి పదార్థంతో చేసే, పీఎల్‌ఏ అనే ఆ ప్లాస్టిక్ దారం కుళ్లి మట్టిలో కలవాలంటే 60 డిగ్రీల దాకా వేడి నిలిచే కంపోస్టు ప్లాంటు కావాలి. పెరటి గుంతలో ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది.

ఇక అక్క బనియన్. అంచు దగ్గర కొంచెం కత్తిరించి అల్లికలోంచి ఒక దారం లాగాను (కుట్టు దారం కాదు, అది మామూలుగా పాలిస్టర్). మధ్యలో నీటితో తడిపి, అక్కను రెండు చివర్లూ పట్టి లాగమంటే తడిచిన చోటే పుటుక్కున తెగింది. పాత కాటన్ చీర దారంతో అదే చేయిస్తే గట్టిగా లాగాల్సి వచ్చింది. తడిస్తే పత్తి బలపడుతుంది, విస్కోస్ బలం సగానికి పడిపోతుంది. "మరి ఇవి వాపస్ ఇచ్చేయనా?" అంది అక్క. వద్దన్నాను, మెత్తగా ఉన్నాయి, పాప వేసుకోనీ. ఉతికాక మెలిపెట్టి పిండొద్దని, అరచేతులతో నొక్కి నీడలో ఆరేయమని చెప్పాను.