ఉప్పుగాలి, టమాటా మొక్క, కాస్త నత్రజని

పెదవాల్తేరు,
విశాఖపట్నం

పిల్లలూ,

మేడ మీద కుండీల్లో టమాటా ఆకుల అంచులు మాడిపోతున్నాయనీ, రోజూ నీళ్లు పోస్తున్నా మొక్కలు వాడుతున్నాయనీ రాశారు. బీచ్‌లో ఇసుక మీద పాకే బాలబంద తీగకి ఎవరూ నీళ్లు పోయరు, అయినా పచ్చగా ఉంటుంది, ఎందుకని కూడా అడిగారు. తీగకి లోతైన వేళ్లు, దళసరి ఆకులు ఉన్నాయి. కానీ అసలు సంగతి కణాల్లో జరుగుతుంది.

మాగాయకి తరిగిన మామిడి ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట దిగుతుంది కదా. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువున్న వైపు వచ్చేస్తుంది. సముద్రపు గాలితో కుండీ మట్టిలో ఉప్పు పేరుకుంటే వేరుకీ అదే కష్టం. చుట్టూ తడి ఉన్నా లోపలికి పీల్చుకోలేదు. నీరు రావాలంటే కణం లోపల కరిగిన పదార్థాలు పెరగాలి. ఉప్పులోని సోడియం ఎక్కువైతే కణంలో పనులు నడిపే ఎంజైములు దెబ్బతింటాయి కాబట్టి, ఓర్చుకోగల మొక్కలు ఉప్పుని కణంలో సంచిలా ఉండే రిక్తికలోకి నెట్టేసి, మిగతా కణద్రవ్యంలో ఎంజైములకు హాని చేయని పదార్థాలు నింపుకుంటాయి. వాటిలో ముఖ్యమైన కొన్ని నత్రజనితో తయారయ్యేవే.

ఒకటి ప్రోలిన్. ఇది అమైనో ఆమ్లం, మనం తినే పప్పులోని ప్రోటీన్‌లోనూ ఉంటుంది. వాడిపోతున్న రై గడ్డిలో ఇది పేరుకుంటుందని కెంబుల్, మాక్‌ఫెర్సన్ అనే శాస్త్రవేత్తలు 1954లో గమనించారు. నాకు బాగా నచ్చేది తర్వాతి కథ. కష్టం తీరి నీరు దొరకగానే మొక్క ఆ ప్రోలిన్‌ని కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో విడగొట్టి శక్తినీ నత్రజనినీ తిరిగి రాబట్టుకుంటుంది. అయితే ప్రోలిన్ ఎక్కువున్న ప్రతి మొక్కా గట్టిదని అనుకోకండి. తగిలిన దెబ్బకి అది గుర్తు మాత్రమే కావచ్చని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు.

రెండోది గ్లైసిన్ బీటైన్. బీట్ దుంపలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. ఆకులో కిరణజన్య సంయోగక్రియ జరిగే చోటుని ఇది కాపాడుతుంది. పాలకూర, తోటకూర దీన్ని బాగా చేసుకుంటాయి. మేఘాద్రిగెడ్డ వాగు పోర్టు వైపు వచ్చి సముద్రంలో కలిసే చోట మడ చెట్లున్నాయి. వాటిలో అవిసీనియా జాతి ఆకుల్లోనూ ఇది నిండుగా ఉంటుంది. లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీళ్లు వేళ్లని తడుపుతున్నా ఆ చెట్లు బతకడానికి ఇదొక కారణం. టమాటాకి, వరికి ఆ విద్య లేదు. చౌడు నేలలో వరి పడే బాధలో ఇదీ కొంత భాగం.

నత్రజనితో తయారయ్యేవే పాలీఎమైన్లని ఇంకో రకం ఉన్నాయి. అవి డీఎన్‌ఏకీ, కణపొరలకీ అంటిపెట్టుకుని వాటిని చెదరనివ్వవు.

ఇన్ని చేసుకోవడానికి నత్రజని కావాలి కాబట్టి యూరియా వేసేద్దామని మాత్రం అనుకోకండి, ఆ పని అస్సలు వద్దు. ఎక్కువైన ఎరువు కూడా మట్టిలో ఉప్పులాగే వేరుని ఎండగడుతుంది. ఎదుగుదలకి వాడుకోవాల్సిన నత్రజనిని ఇప్పుడు మీ మొక్కలు ప్రాణం నిలుపుకోవడానికి ఖర్చు చేస్తున్నాయి. పొట్టిగా ఉన్నాయని టెన్షన్ పడకండి. కుండీ అడుగు చిల్లుల్లోంచి కారిపోయేదాకా మంచినీళ్లు నిండుగా పోయండి, ఉప్పు కొట్టుకుపోతుంది. గాలి ఎక్కువున్న రోజు సాయంత్రం ఆకులు కడగండి. కాస్త వర్మీకంపోస్ట్ చాలు.

ఒక కుండీలో తోటకూర విత్తనాలు చల్లి టమాటా పక్కనే పెట్టండి. రెండింటికీ ఒకే మట్టి, ఒకే నీళ్లు. ఏ ఆకు ముందు వాడిందో నోట్‌బుక్‌లో రాసి నాకు చూపించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య