మోటారు లేకుండా లోయ దాటే కాలువ

తైవాన్‌లోని తైచుంగ్ ప్రాంతంలో షిన్‌షె అనే మెరక నేల ఉంది. దాని పక్కనే దాజియా నది పారుతుంది, కానీ చాలా పల్లంలో. నది కళ్లెదుటే ఉన్నా పొలానికి చుక్క అందదు. జపాన్ పాలన కాలంలో చక్కెర మిల్లులకు కావలసిన చెరకు నారును పెంచే క్షేత్రాన్ని ఇక్కడ నెలకొల్పారు. దానికి నీళ్లివ్వడానికే 1928లో పని మొదలుపెట్టి, 1932లో బైలెంగ్ కాలువను పూర్తిచేశారు. రూపకల్పన చేసినవాడు ఇసోదా నోరియో అనే ఇంజినీరు. పాలకుల లెక్క చక్కెరదే అయినా, ఆ నీటితో నాలుగు తరాలుగా బతుకుతున్నది మాత్రం అక్కడి రైతులు. అందుకే ఈ కాలువను వారి ఆస్తిగానే చూడాలి.

పల్లంలోని నీరు మెరకకు ఎలా చేరింది? షిన్‌షెకు ఎగువన చాలా దూరం వెళితే నది మట్టం ఈ పొలాల కంటే ఎత్తులో ఉంటుంది. అక్కడ నీటిని మళ్లించి, కొండవాలు వెంబడి తీసుకొచ్చారు. నది నిటారుగా దిగిపోతుంటే కాలువ వీలైనంత నెమ్మదిగా దిగుతుంది. షిన్‌షె చేరేసరికి కాలువ పైన, నది కింద. సుమారు 16.6 కిలోమీటర్ల పొడవుకు మొత్తం వాలు 22 మీటర్లే. అంటే మూడు మీటర్లు నడిస్తే పల్లం నాలుగు మిల్లీమీటర్లు. గట్టు వెంట నడిచేవారి కాళ్లకు ఆ తేడా తెలియనే తెలియదు, నీటికి తెలుస్తుంది. ఎక్కడైనా వాలు కాస్త ఎక్కువైతే అంత ఎత్తు వృథా అయినట్టే. దాన్ని తిరిగి సంపాదించే దారి లేదు.

కొండ అడ్డొస్తే సొరంగం తవ్వారు. లోయ అడ్డొచ్చిన చోటే అసలు చిక్కు. అంత ఎత్తున వంతెన కట్టి, దాని మీద నీటి బరువు మోపడం భూకంపాల దేశంలో ప్రమాదం. అందుకని ఉక్కు గొట్టాన్ని లోయలోకి దించి, అవతలి గట్టు మీదికి ఎక్కించారు. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూడటానికి వాడే నీళ్ల గొట్టంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది: రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టానికి రావాలని చూస్తుంది. అవతలి కొసను కొద్దిగా తగ్గించి పెడితే, ఆ తేడాయే గొట్టం గోడల రాపిడిని గెలిచి నీటిని నడిపిస్తుంది. వీటిలో పేరుపొందిన రెండో నంబరు గొట్టం పొడవు 346 మీటర్లు, వ్యాసం సుమారు 1.2 మీటర్లు. నిండుగా ఉన్నప్పుడు లోపల దాదాపు 390 టన్నుల నీరుంటుంది. లోయలోకి దిగే ప్రతి పది మీటర్లకూ గొట్టం మీద ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి, అట్టడుగు అతుకులే అన్నిటికన్నా గట్టిగా ఉండాలి. ఇసుకతో వచ్చే నీరయితే ఆ అడుగునే పూడిక పేరుకుంటుంది. గొట్టంలోకి వెళ్లేముందే నీటిని తేర్చుకోవాలి.

మిల్లీమీటర్ల వాలు మీద నడిచే కాలువకు నేల కదలడం కన్నా పెద్ద శత్రువు లేదు. 1999 సెప్టెంబరు 21న అదే జరిగింది. ఆ భూకంపానికి దాజియా నది మీదే, దిగువన ఉన్న షిగాంగ్ ఆనకట్ట కింద నేల ఒక పక్క దాదాపు పది మీటర్లు పైకి లేచి ఆనకట్ట తెగింది. బైలెంగ్ కాలువ కూడా బాగా దెబ్బతిని నీరు ఆగిపోయింది. బాగుచేయాల్సిందేనని స్థానికులు పట్టుబట్టారు. లోయ దాటించడానికి పాత గొట్టం పక్కనే కొత్తది వేసి నీరు వదిలారు. వారి పట్టుదల సరైనదే. నీటిని పంపుతో ఎక్కించాలంటే ఏటా కరెంటు బిల్లు కట్టాలి. ఈ కాలువ అడిగేదల్లా మరమ్మతులూ పూడికతీతా మాత్రమే.

పాత గొట్టాన్ని తీసేయకుండా అక్కడే ఉంచారు. సందర్శకులు రెండింటినీ పక్కపక్కనే చూడవచ్చు. అక్కడి పొలాల్లో ఇప్పుడు చెరకు నారు కన్నా పూలు, పండ్లు, పుట్టగొడుగులే ఎక్కువ.