పికప్ లేదని ఇంజిన్ దించకండి: పాత కార్లపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా షెడ్డుకి నెలకి ఇద్దరైనా వస్తారు, ఒకటే పాట. "బండి ఎంత సోకుగా ఉందో చూడన్నా! కానీ పికప్ లేదు. ఇంజిన్ బోరుకొచ్చిందంట, సిలిండర్లు అరిగిపోయాయంట." అన్నదెవరయ్యా అంటే పక్కింటాయన. లేదంటే ఫోన్లో చూసిన వీడియో.

అపోహ: స్పోర్ట్స్ కారు రూపం ఉంటే పరుగూ ఉండాలి. లేకుంటే ఇంజిన్ పోయినట్లే.

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. 1955లో వచ్చిన ఫోక్స్‌వాగన్ కర్మన్ గియా పైకి ఎంత సోకుగా ఉన్నా లోపలున్నది అదే కంపెనీ మామూలు కారు బీటిల్ సరుకే, 1192 సీసీ. 1953 నాటి మొదటి కొర్వెట్‌కి ఉన్నవి రెండే గేర్లు, అదీ ఆటోమేటిక్. స్టీలు ఒళ్ళు, రెక్కల్లా లేచే తలుపులున్న డెలోరియన్ అమెరికాలో 130 హార్స్‌పవర్‌తోనే అమ్ముడైంది. అవి చెడిపోయిన బండ్లు కావు, వాటి పుట్టుకే అంత.

మన వైపు ఈ తంటా స్టాండర్డ్ హెరాల్డ్‌తో వస్తుంది. మద్రాసులో తయారైన బండి. దాన్ని గీసిన ఇటలీ ఆయన మికెలోట్టియే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారునీ గీశాడు, అందుకే ఆ పోలిక. మొదటి మోడల్ ఇంజిన్ మాత్రం 948 సీసీ. కొత్తలోనే 40 గుర్రాలు లేవు.

పోయిన ఎండాకాలం పుత్తూరు కుర్రాడొకడు తాతగారి హెరాల్డ్ తెచ్చాడు. అప్పటికే ఒకచోట ఇంజిన్ దించి రీబోర్ చేసి (సిలిండర్లను లోపల మళ్ళీ కోసి), కొత్త పిస్టన్లు వేశారు. అయినా అదే నడక. ఇంట్లో చెప్పకుండా అప్పు చేశాడట, మాట్లాడుతుంటే గొంతు వణుకుతోంది. టీ తాగించి కూర్చోబెట్టాను. డిక్కీలో గోనెసంచిలో పాత పిస్టన్లున్నాయి. తుడిచి చూస్తే ఒక్క గీత లేదు! బండిని కాస్త తిప్పి తెచ్చి, వెనక ఎడమ బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెడితే చుర్రుమంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి బిగుసుకుపోయి, బ్రేకు వదలకుండా పట్టేసింది. కొత్త కేబుల్ వేశాక రేణిగుంట రోడ్డులో 80 మీద హాయిగా పోయింది.

ఇంజిన్ దించమని ఎవరన్నా అంటే ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, గేజితో కొలిచి చూపించమనండి. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో రంధ్రంలో గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. నాలుగు సిలిండర్లలోనూ రీడింగ్ బాగుండి, దగ్గర దగ్గరగా ఉంటే బోరు జోలికి పోవద్దు. ఒకదాంట్లో తగ్గితే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరగకపోతే చాలావరకు వాల్వులది. అరగంట పని. ఇది చేయకుండా స్పానర్ పట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అపోహ: పెద్ద ఇంజిన్ వేస్తే సరి.

ఆ కుర్రాడూ అడిగాడు. నేను వేయనన్నాను. నా చేతికొచ్చిన హెరాల్డ్‌లన్నిటికీ నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, పెద్ద ఇంజిన్ వేగాన్ని ఆపడం వాటికి కష్టం. పైగా వెనక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రం ఇరుసుతోపాటే పైకీ కిందికీ ఊగుతుంది. భాకరాపేట ఘాట్ మలుపులో వేగంగా పోతూ ఠక్కున యాక్సిలరేటర్ వదిలారనుకోండి, బయటివైపు వెనక చక్రం కిందికి మడుచుకుని బండి తోక తిప్పేస్తుంది. ఆర్టీఓ అనుమతి లేకుండా ఇంజిన్ మారిస్తే ఆర్‌సీకీ బండికీ పొంతన ఉండదు, ఇన్సూరెన్సు దగ్గర పేచీ. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే 50 ఏళ్ళు దాటితే చాలదు, ఇంజిన్, ఛాసిస్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి.

ఖరీదైన పెట్రోలు పోస్తే లాగుతుందా? లాగదు.

షెడ్డుకి తెచ్చేముందు బండిని చదును నేల మీద న్యూట్రల్‌లో పెట్టి ఒక్కరే తోసి చూడండి. కదలకపోతే నాకు ఫోన్లో ఇంజిన్ గురించి చెప్పొద్దు, బ్రేకుల గురించి చెప్పండి.