బీరువా మీద టీఎల్‌ఎం: కొన్ని అపోహలు - వాస్తవాలు

టీఎల్‌ఎం (పాఠం చెప్పడానికి టీచర్లు తయారుచేసే బోధన సామగ్రి) మేళా తేదీ ప్రకటించారంటే చాలు, నా ఫోన్ మోగుతుంది. కొత్తగా చేరిన ఎస్‌జీటీలు (చిన్న తరగతుల టీచర్లు), గొంతు నిండా కంగారు. "మేడమ్, థర్మాకోల్‌కే బోలెడయింది, గ్లిట్టర్ పేపరు ఇంకా కొనలేదు, నాకు బొమ్మలేయడం కూడా రాదు." వాళ్లననేం లాభం? టీఎల్‌ఎం తళతళలాడాలని, ఎంత ఖర్చు పెడితే అంత మంచి టీచరని ఎవరు పుట్టించారో గానీ, అందరం మోస్తున్నాం.

నేనూ మోశాను. రెండు రాత్రులు మేలుకుని బల్బులు వెలిగే స్థానవిలువల చార్టు చేశాను. మొదటి బహుమతి వచ్చింది. పాడవుతుందని దాన్ని బీరువా ఎక్కించి, "ముట్టుకోకండర్రా" అని పిల్లలకు నేనే చెప్పాను. అదే వారం మూడో తరగతిలో ఒకడు 32లోంచి 17 తీసేసి 25 రాశాడు. పైదా కిందదా అని చూడడు, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయడమే వాడికి తెలిసిన తీసివేత.

మర్నాడు ఇంట్లో అరిగిపోయిన కొబ్బరి చీపురు పట్టుకెళ్లాను. పుల్లలు బెత్తెడేసి విరిచి, పదేసి కట్టలకు రబ్బరుబ్యాండ్లు వేశాం. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి పదిహేడు ఇమ్మన్నాను. ఒక కట్ట ఇచ్చాడు, రెండు పుల్లలు ఇచ్చాడు. ఇంకా ఐదేవిరా అంటే కాసేపు నా మొహం చూసి, తనే ఒక కట్ట రబ్బరుబ్యాండు లాగేశాడు. 'అప్పు తెచ్చుకోవడం' అంటూ బోర్డు మీద నేను గొంతు చించుకున్నది దీని గురించే.

ఎర్ర మూత పది, తెల్ల మూత ఒకటి అంటూ సీసా మూతలతో మొదలుపెట్టేవాళ్లకూ ఇదే చెబుతా. మూత విప్పితే పది రావు. కట్ట విప్పడం చేతికి అలవాటయ్యాకే మూతలు. ఇరవై మంది పిల్లలుంటే పది సెట్లు ఉండాలి, చూడ్డానికి ఎలా ఉన్నా సరే.

ఇలా చేతి సామానుతో నేర్పడం నిపుణ్ భారత్‌తో (చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం) 2021లో పుట్టిన గోల అంటారు కొందరు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో పల్లెబడుల పిల్లలు చవక సామానుతో సైన్సు ప్రయోగాలు చేయడం 1972లోనే మొదలైంది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో, చవక బొమ్మలతో సైన్సు నేర్పే అరవింద్ గుప్తా ఆకారాలు కట్టించిందీ అక్కడే.

చిన్న తరగతులకే అంటారా? అన్ని వైపులా లోపలి కొలత 10 సెం.మీ. ఉండేలా అట్టపెట్టె చేసి, పాలిథిన్ కవరు పరిచి, లీటరు నీళ్లు పోయించండి, సరిగ్గా అంచుదాకా నిండుతుంది. ఎనిమిదో తరగతివాళ్లూ నోళ్లు తెరుస్తారు.

ఇంట్లో పారేసేదేదైనా పనికొస్తుందనుకోవద్దు. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా బడి గడప తొక్కకూడదు. బటన్ బ్యాటరీలు, మాత్రల రేకులు, కోసిన టిన్నులు కూడా అంతే. అంగన్‌వాడీ వయసు పిల్లలైతే చింతపిక్కలూ వద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. ఒక తండ్రి ప్రేమగా అరడజను పురుగుమందు సీసాలు తెచ్చిచ్చారు, పూలకుండీలు చేయించమని. టీ ఇచ్చి, నచ్చజెప్పి, వెనక్కి పంపాను. మరుసటి వారం ఆయనే సంచీడు సోడా మూతలు మోసుకొచ్చారు. సగం ఇంకా అలాగే ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి.